ఏ పని ముందు, ఏ పని తర్వాత: సాఫ్ట్‌వేర్ టీమ్ రోజువారీ పనుల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మా టీమ్‌లో ఏడుగురం. నలుగురం నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోని చిన్న ఆఫీసులో కూర్చుంటాం. ఇద్దరు ఒంగోలులో, ఒకరు కావలిలో ఇంటి నుంచి పనిచేస్తారు. రొయ్యల రైతులు మేత, మందులు, పట్టుబడి లెక్కలు రాసుకునే యాప్ మాది. అమెరికాలోని ఒక క్లయింటుకు కూడా పనిచేస్తాం. కొత్తవాళ్ళు చేరిన ప్రతిసారీ, చుట్టుపక్కల కాలేజీల నుంచి ఇంటర్న్‌షిప్‌కు పిల్లలు వచ్చిన ప్రతిసారీ ఇవే సందేహాలు. వేరే కంపెనీల్లో ఉన్న స్నేహితులు ఫోన్ చేసి అడిగేవీ ఇవే. అందుకని ఒకచోట రాసి పెట్టాను. ప్రశ్నలు అడిగినవాళ్ళ మాటల్లోనే ఉన్నాయి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## చేరిన కొత్తలో

టీమ్ బోర్డు మీద నలభై టికెట్లు (చెయ్యాల్సిన పనుల చీటీలు) ఉన్నాయి. ఏది ముందు చెయ్యాలని అడిగితే "ఇది కూడా తెలీదా" అనుకుంటారేమో?

అనుకోరు. అడగకుండా మూడు రోజులు వేరే పని చేసుకుంటూ కూర్చుంటేనే ఇబ్బంది. కాకపోతే ఖాళీ చేతులతో వెళ్ళి "ఏం చెయ్యమంటారు" అనకండి. ముందు పది నిమిషాలు బోర్డు చదవండి. పైనున్న ఐదు టికెట్లలో అర్థమైనవి ఏవో, కానివి ఏవో చూసుకోండి. తర్వాత మీ సీనియర్‌ను ఇలా అడగండి: "అక్కా, పట్టుబడి రిపోర్టు టికెట్ తీసుకుందామనుకుంటున్నాను. లాగిన్ టికెట్ కూడా పైనే ఉంది గానీ ఎవరో సగం చేసినట్టున్నారు. ఇదే ముందు చెయ్యనా?" దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పొచ్చు. మీరు బోర్డు చదివారని కూడా ఆమెకు తెలుస్తుంది. మొదటి నెలలో ఇలా రోజుకు రెండుసార్లు అడిగినా ఎక్కువ కాదు.

ఎపిక్, స్టోరీ, టాస్క్, టికెట్... ఇవన్నీ వేరువేరా?

సైజులో తేడా, అంతే. ఎపిక్ అంటే వారాలు, నెలలు పట్టే పెద్ద పని: రైతు తన గుంటలన్నిటి లెక్క ఫోన్లోనే చూసుకోవాలి. అందులో వాడేవాళ్ళకు విడిగా పనికొచ్చే ముక్క స్టోరీ: నిన్న వేసిన మేత ఎంతో చూసుకోవాలి. ఆ స్టోరీ పూర్తికావడానికి మనం చేసేవి టాస్కులు: టేబుల్‌లో ఒక కాలమ్ చేర్చడం, స్క్రీన్ తయారుచేయడం. వీటిలో దేనికైనా బోర్డు మీద పెట్టే చీటీ టికెట్. కంపెనీని బట్టి పేర్లు మారుతుంటాయి, వాటి మీద వాదన పెట్టుకోవద్దు.

మేనేజర్ ఒకటి చెబుతారు, సీనియర్ ఒకటి, క్లయింటు ఇంకొకటి. నేను ఎవరి మాట వినాలి?

స్క్రమ్ అంటే పనిని చిన్న చిన్న విడతలుగా చేసే టీమ్ పద్ధతి. అందులో దీనికి సూటి జవాబుంది. పనుల వరుస తేల్చే ప్రాడక్ట్ ఓనర్ అనేవారు ఒక్క మనిషే ఉండాలి, పనుల వరుస మార్చాలనుకున్నవాళ్ళెవరైనా వెళ్ళి ఆ మనిషిని ఒప్పించాలి అని స్క్రమ్ గైడ్ చెబుతుంది. మీ దగ్గర ఆ పేరుతో ఎవరూ లేకపోవచ్చు. అప్పుడు ముగ్గురు చెప్పిన పనులూ ఒకే మెసేజ్‌లో రాసి, ముగ్గురూ ఉన్న గ్రూపులో పెట్టండి: "ఈ వారం నా దగ్గరికి ఈ మూడు వచ్చాయి. రెండే అవుతాయి. ఏ రెండు చెయ్యమంటారు?"

పెద్దవాళ్ళు తమలో తాము తేల్చుకోవాల్సిన సంగతిని మీ నెత్తిన వేసుకుని, రాత్రుళ్ళు మేలుకుని మూడూ చేయబోవద్దు. ఇరవై రెండేళ్ళ పిల్లలు ఇలా నలిగిపోవడం చూశాను. వరుస చెప్పనివాళ్ళ తప్పుకు వాళ్ళు నిద్ర పోగొట్టుకున్నారు.

## పనులు పంచుకునేటప్పుడు

అన్నిటికీ "హై ప్రయారిటీ" అని పెడుతున్నారు. అప్పుడు ఏది ముందు?

వరుస కట్టమని అడగండి. ముప్పై టికెట్లకు "హై" అని లేబుల్ తగిలించొచ్చు. అదే ముప్పై టికెట్లను ఒకదాని కింద ఒకటి పేర్చమంటే, పైన ఒకటే ఉంటుంది.

ఈ సంగతి మాకు గుంటల దగ్గర బాగా తెలిసొచ్చింది. మా యాప్ ఎలా వాడుతున్నారో చూద్దామని ముత్తుకూరు వైపు ఒక రైతు దగ్గర రాత్రి ఉండిపోయాం. ఆయనకు ఆ రాత్రి చెయ్యడానికి చాలా ఉంది. చెక్ ట్రేలు లేపి మేత మిగిలిందో లేదో చూడాలి, మందుల లెక్క రాయాలి, పొద్దున్నే వచ్చే మేత లోడుకు చోటు చెయ్యాలి. తెల్లవారుజామున మూడింటప్పుడు కరెంటు పోయి ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే చక్రాలు) ఆగాయి. గుంట నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయేది ఆ వేళలోనే. ఆయన చేతిలో ఉన్న చెక్ ట్రేను గట్టు మీద అలాగే వదిలేసి జనరేటర్ దగ్గరికి పరుగెత్తారు. చక్రాలు తిరిగి మళ్ళీ నీళ్ళు చిమ్మేదాకా మాతో ఒక్క మాట మాట్లాడలేదు. లెక్క రేపు రాసుకోవచ్చు, లోడు గంట ఆగుతుంది. రొయ్యలు చచ్చిపోతే ఆ రెండింటితోనూ పనిలేదు.

మీ టికెట్లలో అలాంటివి ఏవి? అవి పైకి వెళ్ళాలి. మిగిలినవాటికి మాస్కో (MoSCoW: Must, Should, Could, Won't) పద్ధతి పనికొస్తుంది. డై క్లెగ్ అనే ఆయన 1994లో పెట్టిన నాలుగు గంపలివి: తప్పనిసరి, ఉండాలి, ఉంటే మంచిది, ఈసారి వద్దు. నాలుగో గంప ఖాళీగా ఉందంటే వరుస ఇంకా కట్టలేదనే నా లెక్క. ఏది చెయ్యబోవడం లేదో బయటికి చెప్పడానికి మనకు మొహమాటం. ఆ మొహమాటం వల్లే తప్పనిసరి గంప నిండి పొర్లుతుంది.

సివియారిటీ, ప్రయారిటీ ఒకటే కదా?

కాదు. దెబ్బ ఎంత పెద్దదో చెప్పేది సివియారిటీ. ఎంత తొందరగా బాగుచెయ్యాలో చెప్పేది ప్రయారిటీ. రెండేళ్ళ కిందటి రిపోర్టు తెరిస్తే యాప్ మూసుకుపోతోంది, కానీ దాన్ని ఏడాదికి ఒకరిద్దరే తెరుస్తారు: సివియారిటీ ఎక్కువ, ప్రయారిటీ తక్కువ. మొదటి స్క్రీన్ మీద క్లయింటు పేరులో ఒక అక్షరం తప్పు పడింది: యాప్ శుభ్రంగా నడుస్తోంది, అయినా గంటలో మార్చాలి. సాధారణంగా మొదటిది టెస్టర్ చెబుతారు, రెండోది వ్యాపారం చూసేవాళ్ళు చెబుతారు.

ఒక టికెట్ ఎంత పెద్దది ఉండాలి?

మా నెల్లూరు రొట్టెల పండుగ గుర్తు చేసుకోండి. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో నిలబడి చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె, సంతానం రొట్టె అని దేనికది పేరు పెట్టి మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్ళు ఇస్తారు, కోరుకునేవాళ్ళు తీసుకుంటారు. అంత జనంలో కూడా ఎవరికి ఏ రొట్టె కావాలో అయోమయం ఉండదు, ఎందుకంటే ఒక రొట్టెకు ఒకటే కోరిక.

టికెట్‌కు కూడా ఒకటే ఫలితం ఉండాలి. "లాగిన్ బాగుచేసి, రిపోర్టులో కొత్త కాలమ్ చేర్చి, వేగం పెంచాలి" అని ఉంటే అవి మూడు టికెట్లు. ఒక మనిషి రెండు రోజుల్లో ముగించగలిగే సైజు మాకు బాగా కుదిరింది. అంతకు మించితే మధ్యలో ఏం జరుగుతోందో పక్కవాళ్ళకు తెలియదు. మరీ గంట గంటకూ ఒక టికెట్ పెడితే పని కంటే రాతకోతలు ఎక్కువైపోతాయి.

"ఎన్ని రోజులు పడుతుంది" అంటే నోటికొచ్చింది చెప్పేస్తున్నాను. సరిగ్గా చెప్పడం ఎలా?

ఇది మీ ఒక్కరి అలవాటు కాదు. తన పనికి పట్టే సమయాన్ని మనిషి తక్కువగా వేసుకుంటాడని డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. దానికి ప్లానింగ్ ఫాలసీ అని పేరు. ఊహించడం మానేసి పాత లెక్క చూస్తే చాలావరకు దారిలో పడుతుంది. ఇలాంటి స్క్రీనే పోయినసారి ఎన్ని రోజులు పట్టింది? నాలుగు రోజులు పట్టి ఉంటే, ఈసారి రెండు రోజుల్లో అవుతుందని ఏ ధైర్యంతో చెబుతున్నారు?

టీమంతా కలిసి అంచనా వేసేటప్పుడు ప్లానింగ్ పోకర్ ఆడతాం. జేమ్స్ గ్రెనింగ్ 2002లో మొదలుపెట్టిన పద్ధతి. ప్రతి ఒక్కరి దగ్గరా పని సైజు చెప్పే 1, 2, 3, 5, 8, 13 అని కార్డులుంటాయి, అందరూ ఒకేసారి చూపించాలి. సీనియర్ ముందుగా నోరు తెరిస్తే మిగతావాళ్ళు అదే అంకె పట్టుకుంటారు, అందుకని ఈ ఏర్పాటు. "పట్టుబడి తేదీ చేర్చాలి" అనే టికెట్‌కు ఒకసారి మేమంతా 2 చూపిస్తే, ఒంగోలు అమ్మాయి ఒక్కతే 8 చూపించింది. ఎందుకమ్మా అన్నాను. "సగం రొయ్యలు ఇవాళ పట్టి, మిగతావి ఇరవై రోజులాగి పడితే తేదీ ఏది వెయ్యాలన్నా? మా మామయ్య అట్లనే చేస్తాడు" అంది. మా ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ టికెట్ అక్కడికక్కడే మూడు టికెట్లయింది. అంకెల మధ్య తేడా వచ్చినప్పుడు దాని గురించి మాట్లాడుకోవడానికే ఈ కార్డులు.

బయటివాళ్ళకు చెప్పేటప్పుడు రెండు తేదీలు చెప్పండి: "అంతా సవ్యంగా సాగితే బుధవారం, పాత డేటా అడ్డుపడితే శుక్రవారం."

పాత కోడ్ బాగుచేసే పనికి ఎప్పుడూ టైమ్ దొరకదు. ఎలా ఒప్పించాలి?

వార్డ్ కన్నింగ్‌హామ్ 1992లో దీన్ని అప్పుతో పోల్చారు. అప్పటినుంచి టెక్నికల్ డెట్ అనే మాట నిలబడింది. రెండ్రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఇంటిని ఏం చేస్తుందో మన జిల్లాల్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. కాబట్టి వడ్డీ ఎంతో చూపించండి. "కోడ్ అసహ్యంగా ఉంది" అంటే ఎవరూ వినరు. "ఈ ఫైల్ ముట్టుకున్న ప్రతిసారీ ఒక పూట పోతోంది. పోయిన నెల ఆరుసార్లు ముట్టుకున్నాం, మూడు రోజులు పోయాయి. బాగుచెయ్యడానికి రెండు రోజులు చాలు" అని టికెట్‌లో రాస్తే మేనేజరే దాన్ని పైకి జరుపుతారు. ఎవరూ ముట్టుకోని పాత ఫైల్ ఎంత వికారంగా ఉన్నా వదిలెయ్యండి, దాని మీద వడ్డీ పెరగడం లేదు.

## రోజు మధ్యలో

స్టాండప్‌లో ఏం చెప్పాలి? మాకు రోజూ ముప్పావుగంట పడుతోంది.

స్టాండప్ అంటే టీమంతా రోజూ కలిసి మాట్లాడుకునే చిన్న మీటింగ్. స్క్రమ్ గైడ్ ప్రకారం దానికి 15 నిమిషాలు. "నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, ఏం అడ్డు" అనే మూడు ప్రశ్నలు చాలామంది ఇంకా తప్పనిసరి అనుకుంటారు గానీ 2020 నాటి గైడ్‌లో వాటిని తీసేశారు. హాజరు పలికినట్టు ఒక్కొక్కరూ తమ నిన్నటి రోజంతా చెప్పుకుపోతే, వినేవాళ్ళు తమ వంతు కోసం మాటలు కూర్చుకుంటుంటారు. పక్కవాళ్ళు చెప్పేది ఎవరికీ ఎక్కదు.

మేము మనుషుల వరుస మానేసి టికెట్ల వరుసలో మాట్లాడతాం. ముగింపుకు దగ్గరగా ఉన్న టికెట్‌తో మొదలుపెట్టి, "ఇది ఇవాళ అయిపోవాలంటే ఏం కావాలి?" అని ఒకటే ప్రశ్న. కోడ్‌లో లోతైన చర్చ మొదలైతే, అది అవసరమైన ఇద్దరూ తర్వాత కూర్చుంటారు. పన్నెండు నిమిషాల్లో అయిపోతోంది.

ఒకేసారి నాలుగు పనులు పట్టుకుంటే తొందరగా అవుతాయి కదా?

అన్నీ ఆలస్యమవుతాయి. దీనికి లెక్క ఉంది. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ప్రకారం, చేతిలో ఉన్న పనుల సంఖ్యను వారానికి ముగిసే పనులతో భాగిస్తే, ఒక్కో పనికి సగటున ఎన్ని వారాలు పడుతుందో వస్తుంది. టీమ్ చేతిలో 12 పనులుండి వారానికి 4 ముగుస్తుంటే, ఒక్కోదానికి మూడు వారాలు. అదే వేగంతో చేస్తూ చేతిలో 6 మాత్రమే ఉంచుకుంటే వారంన్నర. మనుషులు పెరగలేదు, ఎవరూ రాత్రి మేలుకోలేదు.

టయోటా ఫ్యాక్టరీల్లో తైచి ఓనో నడిపిన కాన్బాన్ కార్డుల వెనకా ఇదే ఉంది: ముందున్నది కదిలితేనే కొత్తది లోపలికి రావాలి. మా బోర్డులో "చేస్తున్నవి" గడికి ఐదే టికెట్లు పడతాయని నియమం పెట్టుకున్నాం. ఏడుగురికి ఐదా అని మొదట్లో అందరూ అడిగారు. ఖాళీగా ఉన్నవాళ్ళు పక్కవాళ్ళ టికెట్ ముగించడానికి సాయం పడతారు, లేదా రివ్యూ చేస్తారు, అంటే పక్కవాళ్ళ కోడ్ చదివి తప్పులు చూస్తారు. ఈ నియమం పాటించడం మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది. చేతులు ఊరికే ఉంటే తప్పు చేస్తున్నట్టు అనిపిస్తుంది. ఒక నెల ఓపిక పట్టి చూడండి.

నా కోడ్ మూడు రోజులుగా రివ్యూ కోసం ఆగి ఉంది. గట్టిగా అడిగితే బాగుండదేమో?

అడగండి, పేరు పెట్టి అడగండి. "ఎవరైనా చూడండి" అని గ్రూపులో పెడితే అందరూ ఇంకొకరు చూస్తారనుకుంటారు. "తమ్ముడూ, భోజనం లోపు ఇది చూడగలవా? నూట ఇరవై లైన్లు, ఇరవై నిమిషాల పని" అంటే చేస్తారు. మీ వైపు నుంచి పుల్ రిక్వెస్ట్ (రివ్యూకు పంపే కోడ్ మార్పు) చిన్నదిగా ఉంచండి. వెయ్యి లైన్లు పంపితే ఎవరైనా రేపు చూద్దామనే అనుకుంటారు. టీమ్‌కు ఒక అలవాటు చెబుతాను: పొద్దున కొత్త కోడ్ మొదలుపెట్టకముందే, మీ కోసం ఆగి ఉన్న రివ్యూ ఒకటి ముగించండి.

ఒకచోట ఇరుక్కుపోతే ఎంతసేపు సొంతంగా ప్రయత్నించాలి?

గంట. అప్పటికీ తేలకపోతే అడగాలి. అడిగేటప్పుడు మూడు ముక్కలు రాయండి: ఏం రావాలి, ఏం వస్తోంది, ఇప్పటిదాకా ఏం చేసి చూశాను. ఎర్రర్‌ను ఫోటో తీసి పంపకుండా అక్షరాలుగా అతికించండి, ఎదుటివాళ్ళు వెతకగలుగుతారు. ఇలా రాస్తుండగానే సగం సార్లు జవాబు మీకే తట్టేస్తుంది.

మెసేజీలు, కాల్స్ మధ్య కోడ్ రాయడానికి గంట కూడా దొరకడం లేదు. ఏం చెయ్యాలి?

ఒక్కరు ఫోన్ సైలెంట్‌లో పెడితే లాభం లేదు, టీమంతా ఒప్పుకోవాలి. మాకు పొద్దున పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా మీటింగులు ఉండవు, మెసేజ్‌కు వెంటనే జవాబు రావాలని ఎవరూ ఎదురుచూడరు. నిజంగా ప్రాణం మీదికొస్తే ఫోన్ చెయ్యొచ్చు. ఆ రెండు గంటల్లో రోజు మొత్తంలో కష్టమైన పని పెట్టుకోండి. టైమ్ షీట్లు, మెయిళ్ళు భోజనం తర్వాత చూసుకోవచ్చు.

ఇంటి నుంచి పనిచేస్తున్నాను. "ఇంట్లోనే ఉన్నావుగా" అని ప్రతి పనీ నాకే చెబుతున్నారు.

గ్యాస్ బండ వస్తుంది చూడు, పెద్దమ్మను బస్టాండులో దించిరా, కింద ఎవరో పిలుస్తున్నారు. ఒక్కోటి పది నిమిషాలే. కానీ లేచి వచ్చాక కోడ్ ఎక్కడ ఆపామో మళ్ళీ తలకెక్కించుకోవడానికి ఇంకో పావుగంట. ఇంట్లోవాళ్ళకు ఇది తెలియదు. మన చేతిలో ల్యాప్‌టాప్ ఉంటే సినిమా చూస్తున్నామో పని చేస్తున్నామో వాళ్ళకు తేడా కనిపించదు.

కోప్పడకుండా వేళలు చెప్పండి: "అమ్మా, పదకొండు నుంచి ఒంటిగంట దాకా నేను ఆఫీసులో ఉన్నట్టే. ఒంటిగంటకు లేచి అన్నీ చేస్తాను." చెప్పినట్టే ఒంటిగంటకు లేవాలి, అప్పుడే రెండోరోజు ఆ మాటకు విలువ ఉంటుంది. పెళ్ళైన ఆడపిల్లలకు ఈ ఒత్తిడి రెట్టింపు, వాళ్ళు గట్టిగా చెప్పలేరు కూడా. ఇక్కడ టీమ్ లీడ్ ఆలోచించాలి. బడి బస్సు వచ్చే నాలుగున్నరకు రోజూ మీటింగ్ పెట్టి, ఆమె ఆలస్యంగా వస్తోందని రాయడం అన్యాయం.

## అర్జెంటు పనులు వచ్చినప్పుడు

"చిన్న మార్పే, ఐదు నిమిషాల పని" అని నేరుగా నాకే ఫోన్ చేస్తున్నారు. కాదంటే బాధపడతారు.

మన ఊళ్ళలో ఇది ఎక్కువ. "మా ఊరోడివే కదా, దానికి టికెట్ ఎందుకబ్బాయ్" అంటారు. మనమూ మొహమాటానికి "అట్నే అన్నా" అంటాం. ఆ ఐదు నిమిషాల మార్పు సాయంత్రం దాకా సాగుతుంది. మీ చేతిలోని అసలు పని ఎందుకు ఆగిందో స్టాండప్‌లో చెప్పుకోలేరు.

కాదనక్కర్లేదు, దారి మళ్ళించండి. "అన్నా, నేను ఇప్పుడే రాసి పెడతాను, మర్చిపోము. ఎప్పుడు చెయ్యాలో మా టీమ్‌లో పనుల వరుస చూసే అక్క చూసి సాయంత్రంలోగా మీకు చెబుతుంది." ఫోన్ పెట్టెయ్యగానే టికెట్ మీరే రాయండి, ఆయన్ను రాయమనకండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ వచ్చినా ఇంతే: విని, రెండు లైన్లు చేసి బోర్డు మీద పెట్టాలి. సాయంత్రంలోగా ఆయనకు ఒక జవాబు మాత్రం తప్పకుండా వెళ్ళాలి, "వచ్చే వారం" అన్నా సరే. జవాబు రాకపోతేనే మళ్ళీ నేరుగా మీకు ఫోన్ చేస్తారు.

ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడుతున్న యాప్‌లో, తప్పు బయటపడింది. చేతిలో పని వదిలెయ్యాలా?

అందరూ వదిలెయ్యకూడదు. వారానికొకరు కాపలా డ్యూటీ తీసుకుంటే మిగతావాళ్ళు స్థిమితంగా పనిచేసుకోవచ్చు. కాపలాలో ఉన్నవారికి ఆ వారం పెద్ద పనులేవీ ఇవ్వకండి.

తప్పు వచ్చాక మొదట చూడాల్సింది డబ్బు లెక్క తప్పుతోందా, డేటా పోతోందా, జనం లోపలికే రాలేకపోతున్నారా అని. వీటిలో ఏదైనా ఉంటే ముందు పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్ళండి, కారణం తర్వాత వెతుక్కోవచ్చు. నడుస్తున్న సిస్టమ్ మీద నేరుగా ప్రయోగాలు చెయ్యడం వల్ల ఒక తప్పు మూడవుతుంది. మీరు చేతిలో పని ఆపి దీనిలోకి వస్తే, ఆపిన టికెట్ మీద ఒక లైను రాయండి: ఎక్కడ ఆపాను, ఎందుకు ఆపాను.

గడువుకు అందదని నాకు తెలిసిపోయింది. ఎప్పుడు చెప్పాలి?

తెలిసిన రోజే. రెండోరోజుకు వాయిదా వేస్తే చెప్పడం ఇంకా కష్టమవుతుంది.

నేను ఇది తప్పు చేసి నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ కిందట వేరే ఉద్యోగంలో, ఒక క్లయింటుకు శుక్రవారం ఇవ్వాల్సిన పని మంగళవారానికే అందదని తెలిసింది. మేనేజర్ రోజూ అడిగితే "అయిపోవచ్చింది సార్" అన్నాను. మూడు రాత్రులు నిద్రపోలేదు. శుక్రవారం సాయంత్రం ఐదింటికి కాలేదని చెప్పాను. ఆయన తిట్టలేదు. "మంగళవారం చెప్పుంటే సగం పని తగ్గించమని వాళ్ళను అడిగేవాణ్ణి కదా, ఇప్పుడు నేనేం అడగను?" అన్నారు. ఆయన చేతిలో ఉండాల్సిన మూడు రోజులు నేను దాచేశాను. ఆ మాట ఇప్పటికీ నాకు వినిపిస్తూనే ఉంటుంది.

చెప్పేటప్పుడు దారి కూడా చూపించండి: "శుక్రవారానికి రిపోర్టు ఇవ్వగలను, ఎక్సెల్ డౌన్‌లోడ్ సోమవారం ఇస్తాను. లేదా రెండూ కలిపి బుధవారం. ఏది నయం?"

ఆలస్యమవుతోందని ఇంకో ముగ్గురిని ఇస్తామంటున్నారు. తీసుకోవాలా?

గడువు దగ్గర్లో ఉంటే వద్దు. ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషుల్ని చేర్చితే అది ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో రాశారు. కొత్తవాళ్ళకు నేర్పాల్సింది ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళే. మాట్లాడుకోవాల్సిన జతలూ పెరుగుతాయి: ఐదుగురి మధ్య 10 జతలు, ఎనిమిదిమంది మధ్య 28. వాళ్ళను తీసుకోక తప్పకపోతే టెస్టింగ్, డాక్యుమెంట్లు, డేటా ఎక్కించడం లాంటి విడిగా చేసుకోగల పనులు అప్పజెప్పండి.

## పని ముగించేటప్పుడు

"అయిపోయింది" అని ఎప్పుడు అనొచ్చు?

టీమంతా ముందే రాసుకున్న షరతులు తీరినప్పుడు. మా షరతులు: రివ్యూ అయింది, టెస్టులు నెగ్గింది, వేరే మనిషి చూశారు, వాడేవాళ్ళ చోట వాడి చూశాం.

చివరిది ఒక దెబ్బ తిన్నాక చేర్చాం. మేత నమోదు స్క్రీన్ ఆఫీసులో అందంగా కనిపించింది. లేత బూడిద రంగు బటన్, సన్నటి అక్షరాలు. అయిపోయిందని టికెట్ మూసేశాం. వారం తర్వాత గుంట గట్టు మీద మిట్టమధ్యాహ్నం ఒక పెద్దాయన ఫోన్‌ను కళ్ళ దగ్గరికి, దూరానికి జరుపుతూ, ఇంకో చేత్తో ఎండకు అడ్డం పెట్టుకుంటూ బటన్ కోసం వెతుకుతుంటే పక్కన నిలబడి చూశాను. స్క్రీన్ పాతది, గీతలు పడింది, వేలికి మేత పొడి అంటుకుని ఉంది. మూడుసార్లు తప్పుచోట నొక్కి, "పుస్తకంలో రాసుకుంటాలే నాయనా" అని జేబులో పెట్టేసుకున్నారు. ఇప్పుడు ప్రతి స్క్రీన్‌ను చవక ఫోన్లో, బయట ఎండలో నిలబడి చూస్తేనే టికెట్ మూస్తాం.

శుక్రవారం సాయంత్రం రిలీజ్ చెయ్యొచ్చా, అంటే కొత్త వెర్షన్ జనానికి ఇవ్వొచ్చా?

వద్దు. శనివారం ఎవరు చూస్తారో పేరు చెప్పగలిగితే మాత్రమే చెయ్యండి.

అమెరికా క్లయింటు కాల్స్ వల్ల రోజు తెల్లారుతూనే మొదలై అర్ధరాత్రి దాకా సాగుతోంది. ఎలా సర్దుకోవాలి?

ఒక చివర కోసుకోండి. రాత్రి కాల్ ఉన్న రోజు పొద్దున ఆలస్యంగా మొదలుపెడతామని ముందే రాసి ఒప్పించుకోవాలి, మొహమాటం వద్దు. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు మారతాయి. న్యూయార్క్‌లో పొద్దున 10 గంటల మీటింగ్ మనకు వేసవిలో రాత్రి 7.30కు, చలికాలంలో 8.30కు పడుతుంది. ఆ రెండు తేదీలూ క్యాలెండర్‌లో వేసుకోండి. చాలా కాల్స్‌కు బదులు రోజు చివర ఐదు లైన్ల మెసేజ్ సరిపోతుంది: ఏం అయింది, ఏం ఆగింది, మీ నుంచి ఏం కావాలి.

తుఫాను, కరెంటు కోత, ఉన్నట్టుండి సెలవు... సగంలో ఉన్న పని ఏమవుతుంది?

ఏరోజు పని ఆరోజే మీ ల్యాప్‌టాప్ దాటి సర్వర్ మీద ఉంటే ఏమీ కాదు. సగం కోడ్ అయినా సరే, రోజూ సాయంత్రం మీ బ్రాంచిని (మీరు విడిగా రాస్తున్న కోడ్‌ను) సర్వర్ మీదికి పుష్ చెయ్యండి, అంటే పంపండి. టికెట్ కింద మూడు నాలుగు లైన్లు రాయండి: ఎక్కడిదాకా వచ్చాను, తర్వాత ఏం చెయ్యాలి, ఎక్కడ అనుమానంగా ఉంది. ఐదు నిమిషాల పని. నవంబరు, డిసెంబరు నెలల్లో మన తీరంలో ఉండేవాళ్ళు దీన్ని అసలు వదలకూడదు.

మిచౌంగ్ తుఫాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు నుంచే నెల్లూరు, కావలి వానలో తడిసి ముద్దయ్యాయి. ఆ వారమే మాకు ఒక రిలీజ్ ఉంది, అందులో ముఖ్యమైన టికెట్ కావలి తమ్ముడి దగ్గరుంది. సోమవారం మధ్యాహ్నం అతని ఇంట్లో కరెంటు పోయింది, సాయంత్రానికి ఫోన్ కూడా కలవలేదు. ఆదివారం వాన ముదురుతోందని చూసి కోడ్ పుష్ చేసి, టికెట్ కింద రాసి పెట్టాడు: "సేవ్ అవుతోంది. ఇంటర్నెట్ లేనప్పుడు సేవ్ చేస్తే రెండుసార్లు పడుతోంది. సింక్ ఫైల్‌లో 40వ లైను దగ్గర చూడండి, అక్కడే అని నా అనుమానం." ఆ వారం హైదరాబాదులో వాళ్ళ అక్క ఇంట్లో ఉన్న మా టీమ్ అమ్మాయి ఆ లైను దగ్గరే మొదలుపెట్టింది. గురువారం కరెంటు వచ్చి అతను ల్యాప్‌టాప్ తెరిచేసరికి టికెట్ "అయిపోయింది" గడిలో ఉంది, కింద "40 కాదు, 46" అని ఆమె రాసిన లైనుతో.